అంతర్జాలంలో పేర్ల చిట్టా

ప్రవేశిక

ఆధునిక విజ్ఞానానికి సంబంధించిన విషయాలను తెలుగులో చదివి, తెలుగులోనే ఆలోచించగల నేర్పును విద్యార్థులకు కలిగించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం. ఇంటర్నెట్‌లో ఒక పేరును టైపు చేసినప్పుడు, ఆ పేరుగల యంత్రం ఎక్కడ ఉన్నదో తెలిపే సూచిక ఎట్లా పుట్టింది, దానిని అనేక దేశాల సంస్థలు కలిసి ఎట్లా నిర్వహిస్తున్నాయి, అందులో తెలుగు లిపికి చోటు కల్పించేటప్పుడు ఏయే చిక్కులు ఎదురయ్యాయి అనే అంశాలు ఇందులో చర్చింపబడ్డాయి.

పాఠ్యభాగం

2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణ రాష్ట్రంలో జిల్లాల సంఖ్య 10 నుండి 31కి పెరిగింది. ఓరుగల్లు రాజధానిగా కాకతీయులు ఏలిన నేలలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అనే మూడు కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. ఆ రోజున ఎవరి ఇల్లూ కదలలేదు. ఏ చెరువూ చోటు మారలేదు. అయినా బయ్యారం, గార్ల మండలాల ప్రజలు అంతవరకు ఖమ్మం జిల్లావారు, ఆనాటి నుండి మహబూబాబాద్ జిల్లావారు అయ్యారు. గోదావరి ఒడ్డునున్న కాళేశ్వరం కరీంనగర్ జిల్లాను విడిచి భూపాలపల్లి జిల్లాలో చేరింది. ప్రభుత్వం వద్ద ఉన్న పేర్ల పట్టిక ఒకటి మారినందువల్ల ఇన్ని మార్పులు జరిగాయి.

తపాలా శాఖవారి పట్టిక మాత్రం ఆ మార్పును అనుసరించలేదు. 1972 ఆగస్టు 15న మన దేశంలో ప్రవేశపెట్టిన ఆరంకెల పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెలు ఉత్తరాలను వేరుచేసే ప్రాంతాన్ని తెలుపుతాయి. జనగామ పిన్‌కోడ్ 506167, మహబూబాబాద్‌ది 506101, భూపాలపల్లిది 506169. మూడింటికీ ముందున్న 506 పాత వరంగల్లు ప్రాంతపు గుర్తు. బయ్యారం సంఖ్యకు ముందు 507, కాళేశ్వరం సంఖ్యకు ముందు 505 కనిపిస్తాయి; అవి ఖమ్మం, కరీంనగర్ ప్రాంతాల గుర్తులు. జిల్లా పేరు మారినా సంఖ్య మారలేదు గనుక ఉత్తరం పాత దారినే ఊరు చేరుతున్నది. పేరు మనుష్యుల కోసం, సంఖ్య దారి చూపడం కోసం. ఈ రెండింటికీ పొంతన కుదిర్చే పుస్తకమే సూచిక. దానినే వ్యవహారంలో డైరెక్టరీ అంటున్నాము.

ఇంటర్నెట్, అనగా అంతర్జాలం, ఇదే పద్ధతిపై ఆధారపడి ఉన్నది. అందులోని ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య ఉంటుంది. పాత పద్ధతిలో అది 0 నుండి 255 వరకు గల నాలుగు సంఖ్యల వరుస. కొత్త పద్ధతిలో ఇంకను పొడవైనది. ఒక యంత్రం మరొక యంత్రాన్ని ఆ సంఖ్యతోనే పిలుస్తుంది. మనుష్యులు అట్టి సంఖ్యలను పదుల కొద్దీ జ్ఞాపకం పెట్టుకోలేరు కాబట్టి పేర్లు అవసరమయ్యాయి. పేరు చెప్పగానే సంఖ్య చూపే చిట్టా కూడా అవసరమయింది.

అంతర్జాలానికి పూర్వరూపమైన ఆర్పానెట్ 1969లో అమెరికాలో ప్రారంభమైంది. తొలి రోజులలో ఒక్కొక్క కేంద్రంవారు తమకు తోచిన పేర్లతో తమ చిట్టాను తామే వ్రాసుకొనేవారు. ఒకే యంత్రానికి ఇక్కడ ఒక పేరు, అక్కడ మరొక పేరు ఉండేవి. అందరూ ఒకే పేర్లను వాడుకోవాలని పెగ్గీ కార్ప్ అనే ఆమె 1971లో ప్రతిపాదించారు. తరువాత ఆ చిట్టా కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఉన్న స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు చేరింది. అక్కడి సమాచార కేంద్రానికి ఎలిజబెత్ ఫైన్లర్ అనే విదుషి నాయకత్వం వహించారు. కొత్త యంత్రాన్ని చేర్చదలచినవారు ఆ కేంద్రానికి తెలియజేయాలి. అక్కడివారు చిట్టాలో ఒక పంక్తి చేర్చాలి. మిగిలిన కేంద్రాలవారు ఆ చిట్టాను ఎప్పటికప్పుడు తమ యంత్రాలలోకి నకలు చేసుకోవాలి. యంత్రాలు వందలలో ఉన్నంతకాలం ఈ ఏర్పాటు చక్కగానే సాగింది. సంఖ్య పెరిగిన కొద్దీ చిట్టా బరువెక్కింది. ఒకరి నకలుకూ మరొకరి నకలుకూ తేడాలు వచ్చాయి. రాష్ట్రమంతటి భూమి లెక్కలను ఒకే పట్వారీ ఒకే దస్త్రంలో వ్రాయవలసివస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్రాల సంస్థలో పనిచేస్తున్న పాల్ మోకపెట్రిస్ 1983లో దీనికి ఒక పరిష్కారం చూపారు. ఆ పనిని ఆయనకు అప్పగించినవారు జాన్ పోస్టెల్. మోకపెట్రిస్ రూపొందించిన వ్యవస్థకు డొమైన్ నేమ్ సిస్టమ్ అని పేరు. దానిని అంతర్జాల నామవ్యవస్థ అనవచ్చు. ఇందులోని కీలకమైన ఆలోచన చాలా సులువైనది. చిట్టాను ఒకరి చేతిలో ఉంచకుండా కొమ్మలుగా విడదీసి, ఏ కొమ్మ లెక్కను ఆ కొమ్మవారికే అప్పగించడం. పైవారికి తమ క్రింద ఎవరున్నారో తెలిస్తే చాలు. వారి క్రిందివారి సంగతి తెలియనక్కరలేదు.

మహబూబాబాద్ జిల్లా వెబ్‌సైటు పేరును చూస్తే ఇది బోధపడుతుంది. ఆ పేరులో వరుసగా ‘మహబూబాబాద్’, ‘తెలంగాణ’, ‘గవ్’, ‘ఇన్’ అనే నాలుగు భాగాలుంటాయి. వాటి నడుమ చుక్కలుంటాయి. మనము ఎడమ నుండి కుడికి చదువుతాము. యంత్రం కుడి నుండి ఎడమకు చదువుతుంది. ఇది వింత కాదు. కవరు మీద మనిషి పేరు, వీధి, ఊరు, మండలం, జిల్లా అని చిన్నదానినుండి పెద్దదానికి వ్రాస్తాము. తపాలా కార్యాలయంలో ఉత్తరాలను వేరుచేసే ఉద్యోగి క్రింది పంక్తినే మొదట చూస్తాడు. అట్లాగే యంత్రం మొదట మూలస్థానాన్ని ‘ఇన్’ ఎక్కడ అని అడుగుతుంది. ‘ఇన్’ భారతదేశపు గుర్తు. ఆ చిట్టాను అడిగితే ‘గవ్’ ఎవరి వద్ద ఉన్నదో తెలుస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలకు మాత్రమే కేటాయించిన ఈ కొమ్మను జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం, అనగా నిక్, చూసుకుంటుంది. అక్కడి నుండి ‘తెలంగాణ’కు, దాని నుండి ‘మహబూబాబాద్’కు దారి దొరుకుతుంది. ఈ ప్రశ్నోత్తరాలన్నీ రెప్పపాటు కాలంలో ముగుస్తాయి.

ఈ ఏర్పాటులోని సౌకర్యం 2019 ఫిబ్రవరిలో కనిపించింది. ఆ నెలలో భూపాలపల్లి జిల్లా నుండి ములుగు విడివడి ప్రత్యేక జిల్లా అయింది. అట్టి కొత్త జిల్లాకు అంతర్జాలంలో పేరు కావాలంటే కాలిఫోర్నియాలోని మూలస్థాన నిర్వాహకుల అనుమతి అవసరం లేదు. తెలంగాణ కొమ్మలో ఒక పంక్తి చేరితే చాలు.

ఒక చిట్టాను చూసి తెలుసుకొన్న జవాబును యంత్రాలు కొంతకాలం జ్ఞాపకం ఉంచుకుంటాయి. ప్రతిసారీ మూలం దాకా వెళ్లనక్కరలేకుండా చేసే ఉపాయమిది. దీనివల్ల ఒక చిన్న ఇబ్బంది ఉన్నది. చిట్టాలో మార్పు జరిగినా, పాత జవాబును దాచుకొన్న యంత్రం గడువు తీరేవరకు పాతదే చెబుతుంది. కొత్త జిల్లా ఏర్పడిన తరువాత కూడా ఊళ్లో పెద్దవారు “మాది వరంగల్లు జిల్లా” అని అలవాటుగా అనడం వంటిదే ఇది. యంత్రానికి మాత్రం ఆ గడువు నిమిషాలలో, గంటలలో ముందే నిర్ణయమై ఉంటుంది.

పేరు మారినప్పుడు మరొక జాగ్రత్త అవసరం. 2024లో తెలంగాణ రాష్ట్ర సంక్షిప్త నామం ‘టీఎస్’ నుండి ‘టీజీ’గా మారింది. దానితోపాటు ఇంటర్మీడియట్ బోర్డు వెబ్‌సైటు పేరులోని తొలి రెండక్షరాలు కూడా మారాయి. పరీక్షా ఫలితాల కోసం ఆత్రుతతో పేరును టైపు చేసే విద్యార్థి ఒక్క అక్షరం తప్పినా వేరొక చోటికి చేరవచ్చు. పేరు చివర ‘గవ్ ఇన్’ ఉన్నదో లేదో చూసుకోవడం ఇందుకే అవసరం. ఆ కొమ్మలో ప్రభుత్వేతరులకు పేరు దొరకదు. చివర మరేదో ఉన్న పేరును మాత్రం రుసుము చెల్లించిన ఎవరైనా పొందవచ్చు.

ఇక మూలస్థానం సంగతి. కొమ్మలన్నిటికీ ఆధారమైన తొలి చిట్టాను మూలమండలం అంటారు. దానిని ప్రపంచానికి అందించే మూల సర్వర్లకు ఆంగ్ల అక్షరమాలలో ‘ఎ’ నుండి ‘ఎమ్’ వరకు 13 పేర్లు ఉన్నాయి. వీటిని నడిపే సంస్థలు 12. ఒక్కొక్క పేరు క్రింద లోకమంతటా ఎన్నో నకలు యంత్రాలు పనిచేస్తున్నాయి. ఆ చిట్టాలో ఏ పంక్తి ఉండాలో, ఏది ఉండకూడదో నిర్ణయించే బాధ్యతను చాలాకాలం జాన్ పోస్టెల్ ఒక్కరే దాదాపు స్వహస్తాలతో నిర్వహించారు. అంతటి బాధ్యత ఒక వ్యక్తి నిజాయితీపై ఆధారపడి నడవడం ఆశ్చర్యకరమే అయినా, అది శాశ్వతంగా సాగే పద్ధతి కాదు. 1998లో ఐకాన్ అనే సంస్థ ఏర్పడింది. పోస్టెల్ ఆ సంవత్సరం అక్టోబరులోనే మరణించారు. ఐకాన్‌పై అమెరికా ప్రభుత్వానికి ఉన్న పర్యవేక్షణాధికారం 2016 అక్టోబరు 1న ముగిసింది. తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడడానికి సరిగ్గా పది రోజుల ముందు ప్రపంచపు పేర్ల చిట్టా ఒక ప్రభుత్వం చేతినుండి అనేకుల చేతికి వచ్చింది. ఈ రెండు సంఘటనలకూ సంబంధం లేదు. జ్ఞాపకం పెట్టుకోవడానికి మాత్రం వీలుగా ఉన్నది.

యంత్రాల చిట్టాతోపాటు మనుష్యుల చిట్టాను కూడా తయారుచేయాలని తొలినుండి ప్రయత్నాలు జరిగాయి. ఫలానా పేరు ఎవరిది అని అడిగితే జవాబు చెప్పే ‘హూ ఈజ్’ అనే సేవ 1982లో వచ్చింది. ప్రపంచంలోని సంస్థలను, వ్యక్తులను ఒకే సూచికలోకి తీసుకురావాలనే పెద్ద సంకల్పంతో 1988లో ఎక్స్ 500 అనే ప్రమాణం వెలువడింది. వేర్వేరు సూచికలకు సమన్వయం కుదర్చడానికి ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ 1990వ దశకంలో ఒక ప్రత్యేక బృందాన్నే ఏర్పరచింది. విశ్వసూచిక కల మాత్రం నెరవేరలేదు. ఏ సంస్థ తన ఉద్యోగుల వివరాలను లోకానికి తెరిచి పెడుతుంది? దానినుండి పుట్టిన తేలికైన రూపం ఎల్‌డాప్ 1993లో వచ్చి, సంస్థల లోపలి చిట్టాలకు బాగా ఉపయోగపడింది. ‘హూ ఈజ్’ కూడా క్రమంగా వెనుకబడింది. వ్యక్తుల వివరాలను రక్షించే చట్టాలు వచ్చిన తరువాత ఆ సేవ చాలా సంగతులను దాచవలసివచ్చింది. ‘కామ్’ వంటి సాధారణ కొమ్మల విషయంలో 2025 జనవరి 28 నుండి ఆర్‌డాప్ అనే కొత్త సేవ దాని స్థానంలో ప్రామాణికమైంది.

ఇంతవరకు చెప్పిన వ్యవస్థలో ఒక పెద్ద లోటు ఉండేది. అందులోని పేర్లన్నీ రోమన్ లిపిలోనే ఉండాలి. 26 అక్షరాలు, 10 అంకెలు, ఒక అడ్డగీత, మొత్తం 37 గుర్తులు మాత్రమే చెల్లుబాటయ్యేవి. జనగామ అనే పేరును తెలుగులో వ్రాయమంటే బడికి వెళ్లే పిల్లవాడైనా ఒకే విధంగా వ్రాస్తాడు. రోమన్ లిపిలో దానికి రెండు మూడు రూపాలు వాడుకలో ఉన్నాయి; రైల్వేవారి పలక మీది రూపానికీ తెలుగు ఉచ్చారణకూ పొంతనే లేదు. మహబూబాబాద్‌లో ‘హ’ తరువాత అచ్చు వ్రాసేవారు కొందరు, వ్రాయనివారు కొందరు. భూపాలపల్లిలో ‘ల’ తరువాతి అచ్చుకూ అదే గతి. మనుష్యులు ఈ తేడాలను సర్దుకొని చదువుకుంటారు. యంత్రానికి ఒక్క అక్షరం తేడా ఉన్నా అది మరొక పేరు. తన ఊరి పేరును తన లిపిలో నిర్దుష్టంగా వ్రాయగలవాడు, అంతర్జాలం దగ్గరకు వచ్చేసరికి పరాయి లిపిలోని ఒకానొక వర్ణక్రమాన్ని కంఠస్థం చేయవలసివస్తున్నది. తెలుగు మాత్రమే చదవగల రైతుకు, వృద్ధురాలికి ఇది మూసిన తలుపే.

ఆ తలుపు తెరవడానికి ముందు యంత్రాలకు తెలుగు అక్షరాలు తెలియాలి. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 128 స్థానాల గది కేటాయింపబడింది. ‘భారత్’ అనే మాట అందులో ఐదు సంకేతాలు: భ, దీర్ఘం, ర, త, పొల్లు. అయితే ప్రపంచంలోని పాత యంత్రాలన్నీ 37 గుర్తులకే అలవాటుపడి ఉన్నాయి. వాటన్నిటినీ మార్చడం సాధ్యం కాదు. అందుచేత 2003లో ఒక ఉపాయం కనుగొన్నారు. ఏ లిపిలోని పేరునైనా రోమన్ అక్షరాలతో, అంకెలతో కూడిన రహస్యరూపంలోకి మార్చే పద్ధతి అది. దానికి ప్యూనీకోడ్ అని పేరు. తెలుగు ‘భారత్’ మూలమండలంలో ‘ఎక్స్, ఎన్’ అనే రెండక్షరాలు, రెండు అడ్డగీతలు, తరువాత ‘ఎఫ్, పి, సి, ఆర్, జె, 9, సి, 3, డి’ అనే వరుసగా నమోదై ఉన్నది. చదివేవానికి తెర మీద భారత్ అనే కనిపిస్తుంది; తెర వెనుక యంత్రాలు ఆ వికృతరూపంతోనే మాట్లాడుకుంటాయి. వేషం వేసుకొన్న నటుడి అసలు పేరు నాటకమండలివారికి మాత్రమే తెలిసినట్లుగా ఉంటుందీ వ్యవహారం.

2011 జనవరిలో ఐకాన్ పాలకమండలి భారతదేశం కోసం ఏడు లిపులలోని పేర్లను ఆమోదించింది. హిందీ, ఉర్దూ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, తమిళాలతోపాటు తెలుగు కూడా ఆ తొలి వరుసలోనే ఉన్నది. ‘ఇన్’ కొమ్మను నిర్వహించే జాతీయ అంతర్జాల వినిమయ సంస్థ, అనగా నిక్సీ, వీటిని కూడా నిర్వహిస్తున్నది. మొదట 2014 ఆగస్టు 27న దేవనాగరి లిపిలోని పేరును ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు. మిగిలినవి తరువాత వచ్చాయి. కన్నడం, మలయాళం, ఒడియా మొదలైనవి ఆ పిమ్మట చేరాయి. పదాంతంలో అచ్చు ఉండడం తెలుగు స్వభావమనీ, అందుకే ఇది అజంత భాష అనీ చెప్పుకుంటాము. ఆ భాషకు అంతర్జాలంలో దొరికిన తొలి కొమ్మ పొల్లుతో ముగియడం ఒక చమత్కారం.

పేరు దొరకడంతో పని పూర్తికాలేదు. తెలుగులో ఏ అక్షరాల కూర్పును పేరుగా అంగీకరించాలి అనే ప్రశ్న మిగిలింది. దీనికి జవాబు చెప్పడానికి ఐకాన్ ఆధ్వర్యంలో నవ్యబ్రాహ్మీ లిపుల బృందం ఏర్పడింది. బ్రాహ్మీలిపి నుండి పుట్టిన తొమ్మిది లిపులకు సంబంధించిన భాషావేత్తలు, సాంకేతిక నిపుణులు అందులో కలిసి పనిచేశారు. తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం, దేవనాగరి, గుజరాతీ, గురుముఖి, బెంగాలీ, ఒడియా ఆ తొమ్మిది. మూలమండలంలో పేర్లకు వర్తించే ఈ నియమాలలో తెలుగువి 2019లో వెలువడ్డాయి.

ఆ నియమాలలో కొన్ని వ్యాకరణం చదివినవారికి సుపరిచితమైనవే. గుణింతపు గుర్తు హల్లును ఆశ్రయించి ఉండాలి. పేరు పొల్లుతోగాని, సున్నతోగాని మొదలు కాకూడదు. బాలవ్యాకరణం చదివిన విద్యార్థికి ఇది చెప్పనక్కరలేని సంగతి. యంత్రానికి మాత్రం చెప్పి తీరాలి. లేకపోతే ఎవరూ చదవలేని పేర్లు చిట్టాలో చేరుతాయి. ఒకే రూపాన్ని రెండు విధాలుగా వ్రాయగల అవకాశం మరొక చిక్కు. బయ్యారం చెరువు శాసనంలో కాకతీయ గణపతిదేవుని సోదరి మైలమ ప్రసక్తి ఉన్నది. ఆ పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా వ్రాయవచ్చు; ఎత్వం, దాని క్రింద మరొక గుర్తు అని రెండుగానూ వ్రాయవచ్చు. కంటికి రెండూ ‘మైలమ’లే. యంత్రానికి అవి రెండు వేర్వేరు స్త్రీల పేర్లు! చిట్టాలో చేరకముందే రెండింటినీ ఒకే రూపంలోకి తెచ్చే నియమం ఉన్నది గనుక ఈ ప్రమాదం తప్పింది.

జయశంకర్ భూపాలపల్లి జిల్లా పేరు ఇంకొక సమస్యకు ఉదాహరణ. అంతర్జాల నామంలో రెండు పదాల మధ్య ఖాళీ ఉండకూడదు. ఖాళీ తీసివేసి వ్రాస్తే పొల్లు రకారం, దాని తరువాతి భకారం కలిసిపోయి ‘జయశంకర్భూపాలపల్లి’ అవుతుంది. తెలంగాణ ఉద్యమానికి మార్గదర్శి అయిన ఆచార్య జయశంకర్ పేరు అక్కడ మరుగున పడిపోతుంది. తెలుగు టైపు చేసేవారు అట్టి చోట కంటికి కనిపించని ఒక విరామ సంకేతాన్ని ఉంచి రెండక్షరాలు కలవకుండా చూస్తారు. కనిపించని గుర్తు పేరులో ఉంటే, ఉన్న పేరుకూ లేని పేరుకూ తేడా తెలియక మోసానికి తావిస్తుందని మూలమండలంలో దానిని నిషేధించారు. మూలమండలానికి దిగువనున్న కొమ్మలలో అడ్డగీతను వాడి ‘జయశంకర్-భూపాలపల్లి’ అని వ్రాసుకోవచ్చు. వ్యాకరణ దృష్టితో చూస్తే ఇది పదచ్ఛేదం. భద్రత దృష్టితో చూస్తే జాగ్రత్త.

అన్నిటికంటె కఠినమైన సమస్య పొరుగు లిపితో వచ్చింది. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. 13వ శతాబ్దికి చెందిన బయ్యారం శాసనం వంటి కాకతీయుల శాసనాలను చెక్కిన నాటికి రెండు భాషలకూ లిపి ఇంచుమించు ఒకటే. దానిని పండితులు తెలుగు–కన్నడ లిపి అని వ్యవహరిస్తారు. జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరుతో ప్రసిద్ధుడైన సోమనాథుడు కన్నడ దేశపు బసవేశ్వరుని చరిత్రను తెలుగు ద్విపదలో వ్రాశాడు. కన్నడంలోనూ రచనలు చేశాడని సాహిత్య చరిత్రకారులు పేర్కొన్నారు. ఆనాటి పాఠకునికి లిపి అడ్డు కాలేదు. లిపులు వేరుపడిన తరువాత కూడా అ, ఇ, ఒ, గ, ర, ల మొదలైన అక్షరాలు రెండింటిలో దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. తేడా తలకట్టు వంపులో ఉన్నది. చిన్న తెర మీద, చిన్న అక్షరాలలో ఆ తేడా కంటికి ఆనదు.

ఈ పోలిక సాహిత్యానికి వరం, సూచికకు ప్రమాదం. తెలుగు అక్షరాలతో ఒకరు ఒక పేరు పొందితే, చూపులకు అదే విధంగా ఉండే కన్నడ అక్షరాలతో మరొకడు మరొక పేరు పొందవచ్చు. రెండింటికీ యూనికోడ్ సంఖ్యలు వేరు గనుక యంత్రం ఆ రెండింటినీ నిస్సంకోచంగా అంగీకరిస్తుంది. ఇది ఊహ కాదు. 2005లో కొందరు భద్రతా నిపుణులు ‘పేపాల్’ అనే ప్రసిద్ధ సంస్థ పేరులోని ఒక రోమన్ అక్షరం స్థానంలో దానిని పోలిన రష్యన్ లిపి అక్షరాన్ని ఉంచి, తేడా తెలియని పేరును నమోదు చేసి చూపించారు. డబ్బు లావాదేవీలు జరిగే చోట అట్టి పేరు దొంగ చేతిలో పడితే ఏమి జరుగుతుందో లోకానికి అర్థమైంది. ఫోనులో వచ్చిన లంకెను నొక్కి బ్యాంకు వివరాలు అడిగినచోట నింపే సామాన్యుడు పేరును చూసే కదా నమ్ముతాడు!

నవ్యబ్రాహ్మీ బృందంలోని తెలుగు, కన్నడ నిపుణులు ఇందుకు ఒక కట్టుబాటు చేసుకొన్నారు. రెండు లిపులలో పోలికగల అక్షరాలను పరస్పర ప్రతిరూపాలుగా గుర్తించారు. వాటితో కూడిన పేరును మూలమండలంలో ఒక లిపిలో ఒకరికి ఇస్తే, దాని ప్రతిరూపాన్ని రెండవ లిపిలో ఎవరికీ ఇవ్వరు; అది ఖాళీగా ఉండిపోతుంది. ముందు వచ్చినవారిదే పేరు. తెలుగువారు ముందు తీసుకొంటే కన్నడిగులు ఆ రూపాన్ని వదులుకోవాలి. కన్నడిగులు ముందు తీసుకొంటే తెలుగువారు వదులుకోవాలి. ఎవరి లిపి గొప్పదనే వాదం ఇక్కడ పనికిరాదు. వదులుకోవడానికి రెండు పక్షాలూ ఒప్పుకొన్నందువల్లనే చిట్టా నమ్మదగినదయింది. తెలుగు లిపికి మాత్రమే పరిమితమైన సంఘం ఒకటి కూర్చుని ఈ నియమాన్ని చేయగలిగేది కాదు. ఈ నియమం మూలమండలానికి మాత్రమే వర్తిస్తుందనీ, దిగువ కొమ్మలలో ఏ కొమ్మ నిర్వాహకులు ఆ కొమ్మకు నియమాలు చేసుకోవాలనీ గుర్తుంచుకోవాలి.

మహబూబాబాద్‌కు ప్రజల వాడుకలో మానుకోట అని మరొక పేరున్నది. ఒకే చోటికి రెండు పేర్లుండడం నామవ్యవస్థకు ఇబ్బంది కాదు. రెండవది మొదటిదానికి మారుపేరని చిట్టాలో ఒక పంక్తి వ్రాస్తే చాలు. మానుకోట అని అడిగినవానిని మహబూబాబాద్‌కు పంపుతుంది. ఒక పేరుకు ఇద్దరు సొంతదారులు ఉండడం మాత్రమే అది భరించలేదు.

తెలుగులో పేరు పొందడం నేడు సాధ్యమే. దానిని వాడడమే ఇంకా కష్టంగా ఉన్నది. ఎన్నో దరఖాస్తు పత్రాలు ఈమెయిలు గడిలో తెలుగు అక్షరాలు కనిపించగానే ‘చిరునామా సరికాదు’ అని తిప్పికొడతాయి. ఇతర లిపులలో ఈమెయిలు చిరునామాలకు 2012లోనే ప్రమాణాలు వచ్చినా, ఆ పత్రాలను తయారుచేసినవారు 37 గుర్తుల కాలంనాటి పరీక్షనే పెట్టారు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 2015 నుండి ఒక అంతర్జాతీయ సమన్వయ సంఘం పనిచేస్తున్నది. చిట్టాలో చేర్చడం ఒకచోట చేయగల పని. పత్రాలను సరిచేయడం లక్షలాది చోట్ల వేర్వేరుగా జరగవలసిన పని. అందుకే ఇది నెమ్మదిగా సాగుతున్నది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వెబ్‌సైట్లను తెరిస్తే లోపలి పుటలు తెలుగులో కూడా చదవవచ్చు. మండలాల పేర్లు, కార్యాలయాల వివరాలు అక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. ఆ పుటలకు చేర్చే పేర్లు మాత్రం నేటికీ రోమన్ లిపిలోనే ఉన్నాయి.